గాయతోండే పసుపు చిత్రంలో చూడవలసింది ఏమిటి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా అది ఇది: 2013 డిసెంబరులో ముంబయి వేలంలో 23 కోట్ల 70 లక్షల రూపాయలు పలికిన వాసుదేవ్ గాయతోండే చిత్రం ఫొటోను మీరు ఫోనులో చూశారు. చాలా భాగం బంగారు పసుపు, అక్కడక్కడా ముదురు ఆకారాలు, పేరు కూడా లేదు. సిరొంచలో ఏళ్ల తరబడి తాపీ పని చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మీ నాన్నగారికి దాన్ని చూపిస్తే, "వానాకాలం మన వెనక గోడకు చెమ్మ ఎక్కినట్టుంది" అన్నారు. ఇది గొప్ప కళ ఎలా అయింది, దీన్ని మినిమలిజం (వీలైనంత తక్కువ వాటితో చేసే కళ) అనవచ్చా, ఇందులో అసలు చూడవలసింది ఏమిటి అని అడిగారు.

నేను బల్లార్షాలో ఒక పాఠశాలలో 31 సంవత్సరాలు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేయడమే ఎక్కువ కాలం నా ఉద్యోగం. గాయతోండే చిత్రాలు ముంబయిలోనో ఢిల్లీలోనో గోడ మీదికి వచ్చాయని తెలిస్తే వీలు చూసుకుని వెళ్లి చూస్తూ వచ్చాను. ఆ చూడడం నుంచి చెబుతున్న మాటలు ఇవి.

ముందు మీ నాన్నగారి మాట గురించి. దాన్ని మీరు కొంచెం సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడవలసిన పని లేదు. ఈ చిత్రాల గురించి నేను విన్న మాటల్లో వాటికి అంత దగ్గరగా వెళ్లినవి చాలా తక్కువ. చెమ్మ ఎక్కిన గోడను ఎవరూ గీయలేదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది, గోడలోని ఉప్పును వెంట తీసుకువస్తుంది, ఎండ కాయగానే నీరు ఆవిరైపోయి ఉప్పు అక్కడే నిలిచిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ అదే జరుగుతుంది. ఒక్కొక్క వానాకాలం ఒక్కొక్క అంచు వదిలి వెళ్తుంది. అందుకే ఆ మరకకు గీతలాంటి అంచు ఉండదు. ఒకచోట ముదురుగా ఆగుతుంది, ఇంకోచోట ఎక్కడ ముగిసిందో తెలియకుండా గోడలో కలిసిపోతుంది. గాయతోండే చిత్రాల్లోని ఆకారాల అంచులు సరిగ్గా అలాగే ఉంటాయి. మీ నాన్నగారు పట్టుకున్నది ఆ అంచును. జీవితమంతా గోడలు చూసిన కన్ను కాబట్టి వెంటనే పట్టుకుంది.

చిత్రకారులు మరకల గోడలను చూసి నేర్చుకోవడం కూడా కొత్త కాదు. మరకలు పట్టిన గోడలను శ్రద్ధగా చూడమని లియొనార్డో దా విన్చీ తన రాతల్లో చిత్రకారులకు సలహా ఇచ్చాడు. వాటిలో కొండలు, నదులు, చెట్లు, యుద్ధాలు, మనుషుల ముఖాలు కనిపిస్తాయని, ఊహకు అవి పదును పెడతాయని ఆయన అభిప్రాయం. గాయతోండే ఇక్కడే వేరే దారి పట్టారు. మరకలో ముఖం వెతకకు, మరక దగ్గరే ఆగు అంటుంది ఆయన చిత్రం. ముఖం దొరికిన క్షణంలో మనం చూడడం మానేస్తాం. అది ఏనుగు, ఇది మబ్బు అని పేరు పెట్టుకుని ముందుకు నడుస్తాం. పేరు దొరకనంతసేపు కన్ను అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఆయన పని అంతా ఆ తిరుగుడును నిలబెట్టడం కోసమేనని నా నమ్మకం.

ఇప్పుడు ఆ ఉపరితలం ఎలా తయారవుతుందో చెబుతాను. దీని గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు. ఫోను తెర మీద మొత్తంగా పోయేది ఇదే.

ఆయన వాడినవి కాన్వాసు, నూనెరంగులు. కాని 1960ల నుంచి కుంచె వెనక్కి తగ్గి, రోలరూ పాలెట్ నైఫూ ముందుకు వచ్చాయి. పాలెట్ నైఫ్‌కు కోసే పదును ఉండదు. మీ నాన్నగారి తాపీని అరచేతిలో పట్టేంత చిన్నదిగా, వంగేటంత పలుచగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రోలరుతో పలుచని రంగు పొర పరవడం, దానిలో కొంత నైఫ్‌తో గీకి తీయడం, ఆరనివ్వడం, మళ్లీ ఇంకో పొర. తడి రంగు మీద చింపిన వార్తాపత్రిక ముక్కలు, కత్తిరించిన కాగితాలు పరిచి, ఒత్తి, మెల్లగా లేపేవారు. లేచే కాగితం కొంత రంగును పట్టుకుపోతుంది, కొంత వదిలేస్తుంది, అంచు దగ్గర కొంచెం పోగుచేస్తుంది. అలా వచ్చిన ఆకారం ఎవరో పైన పూసినట్టు ఉండదు. లోపల ఉన్నదేదో బయటపడినట్టు ఉంటుంది. మామూలుగా చిత్రం అంటే రంగు పెట్టుకుంటూ పోవడం అనుకుంటాం. ఇక్కడ పెట్టిన దానికి తీసింది దాదాపు సమానం.

పొరల సంగతి మీకు సున్నంతో చెబితే తేలిక. కొత్తగా సున్నం వేసినప్పుడు, తడిగా ఉన్నంతసేపు కింది గోడ రంగు కనిపిస్తూనే ఉంటుంది. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది. మూడో పూత తర్వాత వచ్చే తెలుపులో కింది రెండు పూతలూ ఉంటాయి. పలుచని నూనెరంగు పొరలు ఇంకొక అడుగు ముందుకు వెళ్తాయి. వెలుతురు పై పొర దగ్గర ఆగిపోకుండా లోపలికి దిగి, అడుగున ఉన్న లేత పూతను తాకి, తిరిగి పైకి వస్తుంది. వచ్చే దారిలో ఒక్కో పొర తన రంగును కొంచెం కలుపుతుంది. అందుకే ఎదురుగా నిలబడితే చిత్రం వెనక ఎక్కడో దీపం పెట్టినట్టు అనిపిస్తుంది. ఫోను తెర ప్రతి చుక్కనూ సొంత వెలుతురుతో సమానంగా చూపిస్తుంది. లోతు పోతుంది, పసుపు మాత్రం మిగులుతుంది. మీరు చూసింది ఆ మిగిలిన పసుపును.

నూనెరంగు పొర ఆరడానికి రోజులు పడుతుంది, మందంగా ఉంటే వారాలు పడుతుంది. ఏడాదికి ఐదారు చిత్రాలకు మించి ఆయన వేయలేదని ఆయనను ఎరిగినవారు చెబుతారు. మిగిలిన కాలమంతా ఖాళీ కాన్వాసు ముందు కూర్చుని ఆలోచించడమే. పని మొదలయ్యే ముందు ఆ కూర్చోవడం చిత్రంలో భాగమే అనుకుంటాను.

ఈ విషయం పుస్తకాల్లో చదివినప్పుడు నాకు పూర్తిగా ఎక్కలేదు. ఒక వేసవిలో పిల్లలతో చేసి చూశాక అర్థమయింది. మా చంద్రపూర్ జిల్లా వేసవి మీకు తెలిసిందే, మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటుతుంది, పిల్లలు నీడపట్టున కూర్చోవాలి. కాగితానికి లోటు లేదు, మాది కాగితం మిల్లు ఊరు. పోస్టర్ రంగులతో మొదలుపెడితే ఆ ఎండకు ఒత్తేలోపే ఆరిపోయాయి. తెలిసిన ప్రెస్సులో డబ్బా అడుగున మిగిలిన నల్ల సిరా అడిగి తెచ్చాను. ప్రెస్సు సిరా నూనెతో చేసింది, అంత త్వరగా ఆరదు. అట్టల మీద దాన్ని రోలరుతో పరిచి, పాత పేపరు ముక్కలతో ఒత్తి లేపమన్నాను. పది నిమిషాల్లో గది నిశ్శబ్దమైపోయింది. 31 సంవత్సరాల్లో అంత నిశ్శబ్దంగా ఉన్న తరగతి నాకు ఎక్కువ గుర్తులేదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు ముక్కలు లేపి, ఐదోది చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "సార్, ఇంకా ఎంత తీయాలి?" అని అడిగింది. నాకు చప్పున జవాబు తోచలేదు. ఆబ్జెక్ట్ డ్రాయింగ్‌లో కుండ కుండలా వచ్చిందంటే పని అయిపోయినట్టే. బోర్డు రాసేవారికి చివరి అక్షరం పడితే అయిపోయినట్టే. ఇక్కడ అయిపోయిందని చెప్పడానికి ఎదురుగా వస్తువేదీ లేదు. ఆ అట్టే చెప్పాలి, లేదా దాన్ని చూస్తున్న కన్ను చెప్పాలి. "నువ్వే చూసి చెప్పమ్మా" అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు చూసి ఐదో ముక్క పక్కన పెట్టేసింది. అట్టంతా బూడిదరంగు నలుపు, కుడివైపు కిందికి చిన్న తెల్లని చీలిక. ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇంకొక్క ముక్క లేపి ఉంటే ఆ చీలిక చెదిరిపోయేది. గాయతోండే ప్రతి చిత్రంలోనూ ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుకుని, సరైన చోట చెయ్యి ఆపారు. ఏమీ లేనట్టు కనిపించే చిత్రంలో నైపుణ్యం ఎక్కడ ఉందని ఎవరైనా అడిగితే నేను ఆ అట్ట తీసి చూపిస్తాను.

ఇక మనిషి సంగతి. ఆయన మన విదర్భలోనే, 1924లో నాగపూర్‌లో పుట్టారు. కుటుంబం గోవాది, పెరిగింది ముంబయిలో. 1948లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ నుంచి డిప్లొమా తీసుకున్నారు. అంతకు ముందు ఏడే సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే కళాకారుల బృందం పెట్టారు, 1950లో ఈయనా అందులో చేరారు. వారిలో రజా కూడా తొలి చిత్రకళా పాఠాలు నాగపూర్‌లోనే నేర్చుకున్నారు. మన ప్రాంతం పిల్లలకు ఈ మాట చెప్పడం నాకు ఇష్టం. మొదట్లో గాయతోండే కూడా మనుషులను, పక్షులను వేశారు. మన సూక్ష్మచిత్రాల రంగులు, స్విట్జర్లాండ్ చిత్రకారుడు పాల్ క్లే గీతలు ఆ కాలపు చిత్రాల్లో కనిపిస్తాయి. 1950ల చివరికి వచ్చేసరికి బొమ్మలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 1957లో టోక్యోలో ఆసియా యువ చిత్రకారుల ప్రదర్శనలో బహుమతి, 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ ప్రయాణం, 1971లో పద్మశ్రీ. మరుసటి ఏడు ముంబయి వదిలి ఢిల్లీ వెళ్లి, నిజాముద్దీన్ ప్రాంతంలో ఒక చిన్న అద్దె ఇంట్లో ఒంటరిగా ఉండిపోయారు. 1984లో రోడ్డు ప్రమాదంలో బాగా దెబ్బతిన్నారు. పెద్ద కాన్వాసు ముందు నిలబడలేక కొన్నేళ్లు చిన్న కాగితాల మీద సిరాతో గీసుకుని, మళ్లీ కాన్వాసుకు వచ్చారు. 2001లో చనిపోయారు.

ఈ వివరాల్లో రెండు మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినవి. ఒకటి, ముంబయిలో భూలాభాయి దేశాయి ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన కాలం. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాత భవనంలో చిత్రకారులకు, సంగీతకారులకు, నాటకాల వారికి చోటు ఇచ్చేవారు. గాయతోండే అక్కడ సముద్రాన్ని గంటల తరబడి చూస్తూ కూర్చునేవారు. రెండోది ఆయన చదువు. జపాన్ జెన్ బౌద్ధం, రమణ మహర్షి, జిడ్డు కృష్ణమూర్తి. మన మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి పేరు పెట్టకుండా చూడడం గురించి దేశదేశాల్లో జీవితమంతా మాట్లాడారు. ఆ చదువుకూ, తన చిత్రాలకు పేర్లు పెట్టని అలవాటుకూ చుట్టరికం ఉందని నాకు అనిపిస్తుంది. ఒక చిత్రానికి 'సంధ్య' అని పేరు పెడితే చూసేవారు సంధ్యను వెతుక్కుని, దొరికిందని తృప్తిపడి వెళ్లిపోతారు.

మినిమలిజం అనవచ్చా అన్న మాటకు నా జవాబు: అనకపోవడమే మంచిది. ఆ పేరు 1960ల న్యూయార్క్‌లో స్థిరపడింది. డొనాల్డ్ జడ్ లోహపు పెట్టెలను కర్మాగారంలో చేయించి గోడకు బిగించాడు. చేసినవారి చెయ్యి అందులో కనిపించకూడదన్నది ఆ పద్ధతి పట్టుదల. గాయతోండే చిత్రంలో చెయ్యి కనిపించని అంగుళం ఉండదు. సామగ్రి తక్కువ, పని మాత్రం చాలా ఎక్కువ. నైరూప్యం అనే మాటకు కూడా ఆయన ఒప్పుకోలేదు, తన పనిని వస్తురహితం అనేవారు. ఇది మాటల పట్టింపు అనుకోకండి. చెట్టును చూసి, ఆకులు తీసేసి, కొమ్మలు తీసేసి, చివరికి నాలుగు గీతలు మిగిల్చితే అది నైరూప్యం. దాని మూలంలో చెట్టు ఉంది. గాయతోండే పసుపు వెనక అలా దాగిన చెట్టు గాని, పొలం గాని లేదు. అది రంగుగానే మొదలై రంగుగానే ఆగింది. మన దేశంలో మినిమలిజానికి నిజంగా దగ్గరగా వెళ్లినవారిని చూడాలంటే నస్రీన్ మొహమ్మదీ గీతలు వెతకండి. ఆమె 1937లో కరాచీలో పుట్టి, బరోడాలో పాఠాలు చెప్పి, 1990లో చనిపోయారు. పెన్సిలు, సిరా, కాగితం, సన్నని గీతలు, అంతే. గాయతోండేను గురువులా భావించిన మనిషి ఆమె. ఆమె గురించి వేరే ప్రశ్న అడగండి, ఇక్కడ మొదలుపెడితే ఆగలేను.

ధర గురించి తొందరగా ముగిస్తాను. ఆయన వేసినవి తక్కువ, అమ్మకానికి వచ్చేవి ఇంకా తక్కువ. కొనగలిగినవారు మన దేశంలో పెరిగారు. 2014లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టాక వేలంలో రేట్లు ఇంకా పైకి వెళ్లాయి. మీరు చెప్పిన 23 కోట్ల 70 లక్షలు ఆయన పోయిన 12 ఏళ్లకు వచ్చిన మాట. ఆ అంకెను కళ్ల ముందు పెట్టుకుని చిత్రం చూస్తే, ఇన్ని కోట్లు ఎక్కడున్నాయని వెతుకుతాం. అదీ ముఖాన్ని వెతకడం లాంటిదే, చిత్రం కనిపించదు.

చూడడం ఎలాగంటే, మీరు నది ఒడ్డున ఉన్నవారు, ఇప్పటికే సగం తెలుసు. ఎండాకాలం పొద్దున్నే ప్రాణహిత గట్టు మీద నిలబడండి. ఇసుక, సన్నని నీటి పాయ, అవతలి గట్టు, ఆకాశం. మొదట అంతా ఒకే తెల్లదనంగా కనిపిస్తుంది. పది నిమిషాలు కదలకుండా ఉంటే ఇసుకలోనే నాలుగైదు రంగులు విడివడతాయి, తడి ఇసుక ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది, నీరూ ఆకాశమూ ఎక్కడ వేరవుతాయో కన్ను పట్టుకుంటుంది. ఇసుక మారలేదు, కన్ను అలవాటు పడింది. చిత్రంలో నదిని వెతకమని నేను చెప్పడం లేదు. ఆ పది నిమిషాలను వెంట తీసుకువెళ్లమంటున్నాను.

ముంబయిలో నేను మొదటిసారి ఆయన చిత్రం ముందు నిలబడినప్పుడు ఒక నిమిషంలో పక్కకు వెళ్లిపోయాను. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ, మధ్యలో కొన్ని మచ్చలు, అంతే అనుకున్నాను. ఎదురుగా బెంచీ ఉండడం వల్ల, కాళ్లు నొప్పి పుట్టి వెనక్కి వచ్చి కూర్చున్నాను. పావుగంట గడిచేసరికి ఆకుపచ్చ కింద ఎర్రమట్టి రంగు కనిపించడం మొదలయింది. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. ఆ రోజు మిగతా గదులు చూడకుండానే బయటికి వచ్చాను.

అసలు చిత్రం చూడాలంటే ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయంలో ఉన్న జహాంగీర్ నికొల్సన్ సేకరణలో గాయతోండే చిత్రాలు ఉన్నాయి. టాటా పరిశోధన సంస్థ టి.ఐ.ఎఫ్.ఆర్. సేకరణలోనూ, ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోనూ ఉన్నాయి. ఉన్నవన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, కాబట్టి బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోండి. ఢిల్లీ వెళ్లేటట్టయితే రైలు ఎక్కడానికి మా బల్లార్షాకు రండి. ఒక గంట ముందు వచ్చి స్టేషను గోడల మీది తాడోబా అడవి బొమ్మలు చూడండి. 2018లో రైల్వే శాఖ పెట్టిన స్టేషన్ల అలంకరణ పోటీలో చంద్రపూర్, బల్లార్షాలకు మొదటి బహుమతి వచ్చింది. ఆ పులులంటే నాకు చాలా ఇష్టం. సంచి భుజాన వేసుకుని నడుస్తూ చూసినా అందేలా వేశారు, స్టేషనుకు కావలసింది అదే. గాయతోండే చిత్రం నడిచేవారికి ఏమీ ఇవ్వదు.

చిత్రం దగ్గరికి చేరాక ముందు నాలుగు గజాల దూరంలో ఆగండి. అక్కడే కొంతసేపు ఉండండి. తర్వాత కాపలావారు అనుమతించినంత దగ్గరికి వెళ్లి, అంచులు మాత్రమే చూడండి, కాగితం లేచిన చోట రంగు ఎలా చిరిగిందో, నైఫ్ ఎటు నుంచి ఎటు నడిచిందో. ఆపైన పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి, కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల మందం కనిపిస్తాయి. మళ్లీ వెనక్కి రండి.

వీలైతే మీ నాన్నగారిని తీసుకువెళ్లండి. కోట్ల లెక్క ముందే చెప్పవద్దు. ఏ పూత ముందు పడింది, ఏది ఆరాక గీకారు, ఏది తడి మీదే లేపారు అని మాత్రం అడగండి. గోడ అంచు చూసి ఎన్ని పూతలు పడ్డాయో చెప్పగల మనిషి ఆయన. ఆయన ఏమన్నారో ఇక్కడ తప్పకుండా రాయండి. పొరల వరుస విషయంలో నాకూ తేలని అనుమానాలు కొన్ని ఉన్నాయి.